వంటయింటి విచారము: కూరయరటియు పండ్లయరటియు

దేనినైనను సులభముగా దెలియజెప్పుటను మనవారు “అరటిపండు ఒలిచి చేతిలో బెట్టినట్లు” అందురు. కాని, సోదరీమణులారా, ఆ యరటిపండును గూర్చియే యెవరైన నట్లు ఒలిచి చెప్పుమని యడిగినచో చెప్పువారికి తడబాటు తప్పదు. క్రిందటి మాసమున మాకట్టి తడబాటే కలిగినది. దానిని మీతో జెప్పుకొనుటకే యీ నెల వంటయింటి విచారమును అరటికి విడిచితిమి.

తుగ్గలి యని కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, గుంతకల్లునుండి నంద్యాలకు బోవు రైలుమార్గము మీద నొక యూరు గలదు. అది వానను నమ్ముకొన్న సీమ. వేరుసెనగ, జొన్న, కంది, ఆముదము, ప్రత్తి యచ్చటి పైరులు. తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రములు దొరకునను నాశతో దూరపు జనులుగూడ వచ్చి నేల చూచుకొనుచు తిరుగుట యచ్చట ప్రతియేడును గనబడు దృశ్యము. అరటి యన్ననో నీటికి బుట్టిన మొక్క. బోరుబావి గలిగిన కొలదిచోట్ల తప్ప ఆ మెట్టనేలలలో దానికి తావు లేదు. మహానంది వైపు తోటలనుండియు, అనంతపురము సీమ తోటలనుండియు వచ్చిన గెలలే చాలవరకు ఆ ప్రాంతపు అంగళ్లలో వ్రేలాడుచుండును.

ఆ యూర మాకు దెలిసిన యొక యింటికి పోయియుంటిమి. ఇంటి పెద్దావిడ కత్తిపీట ముందు గూర్చుండి అరటికాయలు తరుగుచున్నది. కోడలికి అయిదవ నెల. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, రక్తములో హిమోగ్లోబిను 8 గ్రాములే యున్నదని చెప్పి, ఇనుపమాత్రలు ఇచ్చి పంపిరి. ఆ మాత్రల పొట్లము గోడగూటిలో దేవుని పటము ప్రక్కన భద్రముగా నున్నది. విప్పిన గుర్తు లేదు. “ఇదేమి?” యని మేమడుగగా పెద్దావిడ కత్తి యలుగును మాకు జూపినది.

“సూడక్కా, కోసేకొద్దీ కత్తికి ఎట్ల నల్లగ అంటుకుంటాదో! ఇది ఇనుము గాకపోతే ఇంకేంది? ఆ మాత్రలు యేస్తే పిల్లకు కడుపులో తిప్పుతాది. అందుకే దినామూ కాయ తాళింపు చేసి పెడ్తాండా. రగతం అదే పడ్తాది.”

కోడలు తల వంచుకొని జొన్నరొట్టె తట్టుచుండెను. ఇంతలో అమెరికాలో నున్న కూతురు టెలిఫోనులో పలికినది. “అమ్మా, ఈడ అంగట్లో బనానా అని ఒగటి, ప్లాంటెయిన్ అని ఒగటి అమ్ముతాండారు. మన తాళింపు కాయ యేది?” తల్లి “రెండూ అరటే గదమ్మా” యని, తరువాత సందేహపడి మావైపు జూచినది. ఏండ్ల తరబడి వంటను గూర్చి వ్రాయుచున్న మేమును చటుక్కున బదులు చెప్పలేకపోతిమి. ఒక్క గడియలో రెండు ప్రశ్నలు. ఒకటి నామమును గూర్చినది, రెండవది ప్రాణమును గూర్చినది. మొదటిదానితో నారంభింతము.

ఇంగ్లీషువారు మన దేశమున నున్న కాలమున, వారి వ్రాతలలో అరటి నంతటిని “ప్లాంటెయిన్” అనియే వాడుచుండిరి. తీయని పండైనను, కూరకాయ యైనను వారికది ప్లాంటెయినే. ఇతర దేశములలో మాత్రము ఒలిచి తినుదానిని బనానా యనియు, వండి తినుదానిని ప్లాంటెయిన్ అనియు రెండు పేరులు స్థిరపడినవి. ఈ తికమక పండితులకును దప్పలేదు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో వండుకొను నరటికి “స్వర్గపు టరటి” యను నర్థము వచ్చునట్లును, 1759లో తీయని యరటికి “జ్ఞానుల యరటి” యను నర్థము వచ్చునట్లును వేరువేరు లాటిను నామములు పెట్టి, యవి రెండు జాతు లనుకొనెను. అవి రెండు జాతులు గావనియు, రెండును రెండు అడవి యరటుల కలయికవలన బుట్టిన సంకరములే యనియు తరువాతివారు తేల్చిరి.

ఆ యడవి యరటులలో నొకదానిపేరు మూసా అక్యుమినాటా, రెండవదానిపేరు మూసా బాల్బిసియానా. మొదటిదానిని ‘ఏ’ యనియు, రెండవదానిని ‘బి’ యనియు పిలిచి, ప్రతి రకమునందును ఏ పాలెంత, బి పాలెంత యని లెక్కగట్టు పద్ధతిని సిమ్మండ్సు, షెపర్డు అను నిరువురు శాస్త్రజ్ఞులు 1955లో ప్రకటించిరి. ఇప్పటికిని లోకమంతట నదే వాడుక. అడవి యరటికాయ నిండ గట్టిగింజలుండును. మనము తిను నరటులలో పెక్కింటికి తల్లిదండ్రుల పాళ్లు మూడేసి చేరుటచేత గింజ కట్టదు. కావుననే మనము విత్తనము నాటము, పిలకను నాటుదుము.

ఇక మన రకములను జూడుడు. పచ్చయరటి, తెల్ల చక్కెరకేళి, వీనిలో మూడును ఏ పాళ్లే. అమృతపాణి, కర్పూర చక్కెరకేళి, వీనిలో రెండు ఏ, ఒకటి బి. బొంతయరటిలో ఒకటి ఏ, రెండు బి. దీనింబట్టి బి పాలు హెచ్చిన కొలది కాయ పిండిగా నుండి వంటకు దగియుండునని తోచును. అది కొంతవరకే నిజము. కేరళమున నుప్పేరి వేయించు నేంద్రపు టరటిలో గూడ, అమృతపాణిలో వలెనే రెండు ఏ, ఒకటి బి యున్నవి. అయినను అమృతపాణి ఒలిచి తినుటకును, నేంద్రము వండుటకును బ్రసిద్ధి. ఆఫ్రికాఖండమున ఉగాండా దేశస్థులు దినమును ఉడికించి తిను మటోకే యను నరటిలో మూడును ఏ పాళ్లే. కావున కూరయరటికిని పండ్లయరటికిని నడుమ ప్రకృతి గీచిన గోడ యేదియు లేదు. ఉన్న గీత వంటయింటిలో గీచినదే.

ఖచ్చితముగా జెప్పవలెనన్న ప్లాంటెయిన్ అను మాట నేంద్రపు వర్గమునకే చెల్లును. పశ్చిమ ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను విరివిగా దినునది యీ వర్గమే. అమెరికా అంగళ్లలో ప్లాంటెయిన్ అని యమ్ముడువోవు, పొడవుగా వంపు దిరిగి దళసరి తోలుతో నుండు కాయ యదియే. మన బొంత దానికి దాయాది యేగాని యదే కాదు. కనుక ఆ తుగ్గలి యాడుబిడ్డకు మేము చెప్పిన బదు లిది: “అమ్మా, అక్కడ మన బొంత దొరకనిచో పచ్చి ప్లాంటెయినే కొనుము. తోలు చేతితో రాదు, కత్తితో నిలువున గీచి తీయుము. మన కాయకంటె గట్టిది గనుక మరికొంత సేపు ఉడుకనిమ్ము. తోలు పసుపుబారి నల్లమచ్చలు దిగినచో నది తియ్యబడినదని గుర్తు. తాళింపునకు బనికిరాదు, నేతిలో వేయించి తినుము.”

మనవారు చేయు విభాగము మఱియొక తీరుగా నున్నది. మనకు రెండు చెట్లపేరులు లేవు. కాయ యనియు పండనియు రెండు దశల పేరులున్నవి. అరటికాయ యనగా పండని యరటి యనియు నర్థమగును, కూరకు దగిన జాతి యనియు నర్థమగును. చిక్కంతయు నిచ్చటనే. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల పచ్చగా నున్న కాయలను జూచి కూరకని కొని తెచ్చి, అది ఉడికి ముద్దయై తియ్యబడగా అత్తగారిచేత మాట పడుట మనమెరుగనిది కాదు. ఆ పిల్ల తప్పు సగమే. పచ్చయరటి యను రకమునకు ఆ పేరు వట్టిగా రాలేదు. మన యెండలకు, అనగా వేడిమి 24 డిగ్రీలు దాటినచోట, ఆ జాతి పండు లోపల మ్రగ్గినను తోలులోని పచ్చదనము పూర్తిగా పోదు. చల్లని గదులలో మ్రగ్గబెట్టినప్పుడే యది బంగారువన్నె దేరును. తుగ్గలి వేసవిలో రంగును జూచి యరటిని నమ్మరాదు.

మరి దేనిని జూచి నమ్మవలెను? బొంతకాయ లావుగా, అంచులు తేలి, పలకలుగా నుండును. తోలు దళసరి. కొన్నిటిపై బూడిద చల్లినట్లు తెల్లని పొడి కనబడును. వ్రేలితో నొక్కిన నొక్కుడు పడదు. పచ్చయరటి పొడవుగా, కొంచెము వంపుగా నుండును. పండిన కొలది దాని పలకలు తగ్గి గుండ్రనగును. నొక్కిన మెత్తగా దిగును. కర్పూర చక్కెరకేళి పొట్టిగా, పలుచని తోలుతో, తీపిలో నించుక పులుపు గలిగి యుండును. గోదావరి తీరమున కొవ్వూరులో అరటిపై పరిశోధన చేయు నుద్యానస్థానము గలదు. ఆ యూరి పేరిటనే కొవ్వూరు బొంత యను కూరజాతి ప్రసిద్ధి జెందినది. అమృతపాణి రుచిలో నెంత గొప్పదో, వేరునుండి యెండించు పనామా తెగులునకంత లోకువ. పచ్చయరటి జాతులు ఆ పాత తెగులునకు దట్టుకొనును, గెల బరువు, దూరప్రయాణమున కోర్చును. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషనునుండి అరటితో నిండిన ప్రత్యేకపు రైలు బొంబాయి రేవు దిశగా కదలినది. అందువలననే మన అంగళ్లలో నమృతపాణి యరుదై, ఎక్కడ జూచినను పచ్చయరటియే కనబడుచున్నది.

కాయకును పండునకును లోపలి భేదమేమి? పచ్చికాయను ఎండబెట్టి పొడి చేసినచో నందులో నూటికి 70 నుండి 80 పాళ్లు పిండిపదార్థమే. పండ్లయరటి మ్రగ్గునప్పుడు ఆ పిండి యించుమించుగా నంతయు చక్కెరయై పోవును. కూరయరటి పండినను కొంత పిండి నిలిచియుండును. మధుమేహము గలవారు దీనిని గమనింపవలెను. పచ్చికాయలోని పిండిలో కొంతభాగము ప్రేగులలో శీఘ్రముగా జీర్ణము గానిది. ఆ కారణమున పండుకంటె కాయ మేలని చెప్పుట న్యాయమే. కాని ఉడికించినపుడు ఆ గుణము చాలవరకు తగ్గును. పైగా కూరయరటి పండ్లయరటికంటె బలమైన యాహారము. నూరు గ్రాముల పండ్లయరటిలో సుమారు 90 కెలోరీలున్నచో కూరయరటిలో 120 వరకు నుండును. కావున అరటికాయ కూర తిన్నపూట అన్నము తగ్గింపవలెనుగాని “ఇది కాయ గదా” యని రెండు వాయిలు వడ్డించుకొనరాదు. మూత్రపిండముల జబ్బు గలవారికి మఱొక జాగ్రత్త. రెండు తెగలలోను పొటాసియము హెచ్చు, కూరయరటిలో మరింత హెచ్చు. వైద్యు నడుగక వారికి దినమును వడ్డింపరాదు.

ఇక నా నల్లని కత్తి సంగతి. సోదరులారా యని కాదు, సోదరీమణులారా యనియే పిలిచి చెప్పుచున్నాము, ఏలయన నిది మన ప్రాణముల మీది మాట. అరటికాయ తరిగినపుడు నల్లబడుట ఇనుమువలన గాదు. కాయలోని వగరు పదార్థమునకు గాలిలోని ప్రాణవాయువు తగిలి యా రంగు పుట్టును. వంకాయ ముక్కలును అట్లే నల్లబడును గదా! తరిగిన ముక్కలను నీళ్లలో వేయుట మన పెద్దలు నేర్పిన యుపాయము. నీరు గాలిని అడ్డగించును గనుక ముక్క తెల్లగా నిలుచును. నలుపు ఇనుమే యైనచో నీళ్లలో వేసినంత మాత్రమున పోవునా? ఇక కత్తికంటిన మరక కొంత కాయ వగరు కత్తి యినుముతో గలియుటచేత గలిగినది. చిత్రమేమనగా, ఆ పెద్దావిడ చూపిన యినుము కాయలో లేదు, కత్తిలో నున్నది!

నూరు గ్రాముల అరటిలో, కాయ యైనను పండైనను, ఇనుము ఒక మిల్లీగ్రామునకు లోపే. గర్భిణికి దినమునకు సుమారు 27 మిల్లీగ్రాములు వలయును. లెక్క వేసి చూడుడు. అరటికాయతోనే యా కొరత తీర్పవలెనన్న దినమునకు నాలుగు కిలోలకు మించి తినవలసివచ్చును. అందులోనిదైనను శరీరమునకు బట్టునది కొంతయే. గర్భిణికి హిమోగ్లోబిను 11 గ్రాములకు దగ్గినచో రక్తహీనత యని వైద్యు లందురు. 7 గ్రాములకు దగ్గినచో నది మిక్కిలి ప్రమాదము. ప్రసవమున రక్తము పోయినపుడు నిండు రక్తము గలది తట్టుకొనును, లేనిది తట్టుకొనలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో మన ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత గలదని తేలినది. ముల్లు వచ్చి అరటాకు మీద బడినను, అరటాకు పోయి ముల్లు మీద బడినను నష్టము ఆకునకే యని సామెత. ఇంటిలో తిండి తరిగినను, పని పెరిగినను, కడపట తిను నాడుదానికే యా నష్టము గలుగుచున్నది.

ఆ మాత్రలను ప్రభుత్వము ఊరక యిచ్చుటలేదు. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల యినుమును, దానితో ఫోలికు ఆమ్లమును గలవు. నాలుగవ నెలనుండి దినమున కొకటి చొప్పున, గర్భముతో నున్నపుడు 180 దినములు, కాన్పైన పిదప 180 దినములు వేసికొనవలెనని విధి. రక్తము మఱీ తక్కువగా నున్నవారికి ఎంత యీయవలెనో వైద్యులు నిర్ణయింతురు. వేసికొన్నపుడు కడుపు త్రిప్పవచ్చును, మలము నల్లబడవచ్చును. ఆ నలుపు చూచి భయపడరాదు. త్రిప్పు గలిగినచో మాత్రను గూట బెట్టుట గాక, భోజనమైన తరువాత రాత్రి పరుండబోవునపుడు వేసికొని చూడవచ్చును. అప్పటికిని సరిపడకున్న ఆశా కార్యకర్తకు జెప్పిన ఆమె వైద్యులతో మాట్లాడి మార్పించును. నిమ్మరసము ఇనుమును బట్టించును. టీ, కాఫీలు దానిని జెరచును గనుక మాత్రకును భోజనమునకును వానిని దూరముగా నుంచవలెను.

ఆహారమున నినుము గావలెనన్న తుగ్గలివారు దూరము పోనక్కరలేదు. వారు దినమును తట్టు జొన్నరొట్టెలో నూరు గ్రాముల పిండికి సుమారు 4 మిల్లీగ్రాములును, సజ్జరొట్టెలో 6 మిల్లీగ్రాములును ఇనుము గలదు. ఉలవలు, నువ్వులు, ఆకుకూరలు ఉన్నవి. మాంసము దినువారికి మాంసములోని యినుము సులభముగా బట్టును. పులుసుకూరను ఇనుప మూకుడులో గాచినచో మూకుడు ఇనుము కొంత కూరలోనికి దిగును. ఆహార మెంత మంచిదైనను 8 గ్రాములకు దిగిన గర్భిణికి మాత్రయే ముఖ్యము. తిండి దానికి తోడు.

ఇంతమాత్రమున అరటికి వచ్చిన లోపమేమియు లేదు. ఆకలి దీర్చునది, పసిపిల్లల కడుపునకు మృదువైనది, పేదల కందుబాటులో నుండునది. దాని పువ్వు కూరకగును, దూట పెరుగుపచ్చడికగును, ఆకు విస్తరికగును, బొంతకాయ తోలును గూడ ఉడికించి పచ్చడి నూరువారు గలరు. పండ్లు కొనునపుడు మాత్రము ఒక మాట. కార్బైడుతో మ్రగ్గబెట్టుటను చట్టము నిషేధించినది. ఇథిలీను వాయువుతో మితముగా మ్రగ్గబెట్టుటకు మాత్రమే యనుమతి గలదు. అంగటివానిని దేనితో మ్రగ్గబెట్టితివని యడుగుటకు మనము సంకోచపడ నక్కరలేదు. కొంచెము పచ్చిగానున్న యత్తమును కొని యింట వ్రేలాడగట్టుకొన్న మరింత నిశ్చింత.

ఈ సంగతు లన్నియు ఆ పెద్దావిడకు జెప్పినపుడు ఆమె మొదట నమ్మలేదు. అప్పుడొక వెదురుబద్దను సన్నగా చెక్కించి, దానితో నొక కాయను, కత్తితో నొక కాయను కోసి చూపితిమి. వెదురుబద్దతో గోసినదియు నల్లబడినది. ఆమె కొంతసేపు రెండు ముక్కలను మార్చి మార్చి చూచి, లేచి గూటిలోని పొట్లము దించి కోడలి చేతిలో బెట్టినది. “నేను చెడ్డకు చెయ్యలేదమ్మీ” యని మాత్రమన్నది. కోడలు “నాకు తెలుసత్తా” యన్నది. ఆ పూట తాళింపు మేమును దింటిమి. కమ్మగా నున్నది.

నెల తిరిగిన తరువాత జాబు వచ్చినది. రక్తము ఒక గ్రాము మేర పెరిగినదట. మాత్ర రాత్రివేళ అత్తగారే తీసి యిచ్చుచున్నారట. తాళింపు మాత్రము మానలేదట. మానవలసిన పనియు లేదు. అరటికాయను కూరకు నమ్ముడు, అరటిపండును ఆకలికి నమ్ముడు, రక్తమునకు మాత్రము మాత్రను నమ్ముడు. మీ యింట గూటిలో విప్పని పొట్లమేదైన నున్నదేమో, ఈ పత్రిక చదివి మూసిన వెంటనే యొకసారి చూడుడు.